గేటు నాది

ఆగస్టు వచ్చిందంటే కర్నూలులో మా ఇంటి వెనక పోలీసు మైదానంలో పొద్దున్నే జెండా పండగకు కవాతు సాధన మొదలవుతుంది. బ్యాండు వాళ్లూ వస్తారు. మామూలు బ్యాండైతే నాకేం పట్టదు, కిటికీ మూసి నా పని నేను చూసుకుంటాను. మొన్న మాత్రం బ్యాగ్‌పైపులు తెచ్చారు. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. తిత్తిలోకి గాలి నిండేటప్పుడు, పాట ఇంకా మొదలుకాకముందు ఒక మూలుగు వస్తుంది. అది చెవిన పడింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. నేను కిటికీ చువ్వలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మా ఆయన వచ్చి పొయ్యి కట్టేసి, ఏమైంది నీకు అని విసుక్కున్నాడు. ఏం లేదు, హవల్దారు గుర్తొచ్చాడన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను, ఎర్రగుంట్ల దగ్గర అంటే చాలు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటి మీదా ఒకటే సిమెంటు దుమ్ము, ఏ ఊరైతేనేం? పేరు ఎందుకు దాస్తున్నానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేను అప్పట్లో అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గదిలో పనిచేసేదాన్ని. లారీ వస్తే బరువు చూడటం, చీటీ ఇవ్వడం, డ్రైవర్లతో పోట్లాడటం. మూడోది నాకు బాగా వచ్చేది. కాటా పక్కనే గేటు, గేటు దగ్గర కాపలాగా హవల్దారు. పట్టాళంలో బ్యాగ్‌పైపు వాయించి, రిటైరై వచ్చి, సొంత ఊరికి దగ్గరని ఆ ఉద్యోగంలో చేరాడు. పొట్టి మనిషి. ఛాతీ మాత్రం ఇంకెవరిదో తెచ్చి తగిలించినంత పెద్దది. ఏళ్ల తరబడి ఊది ఊది బుగ్గలు వదులై కిందికి జారి ఉండేవి. మాట్లాడేటప్పుడు వేళ్లు ఊరికే ఉండేవి కావు. లాఠీ మీదో, టీ గ్లాసు మీదో ఒకదాని వెంట ఒకటి లేస్తూ పడుతూ ఉండేవి. మొదట్లో అదేదో నరాల జబ్బనుకుని, కడపలో మంచి డాక్టరున్నాడు చూపించుకోండి అని సలహా కూడా ఇచ్చాను. ఆయన వేళ్లవైపు చూసుకుని, "ఇది డాక్టరుతో పొయ్యేది కాదులే పాపా, వాయిస్తాండా," అన్నాడు.

ఆయన వచ్చాక మా గేటు దగ్గర కాపలా మారడం పెద్ద తతంగమైపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చే కాపలాదారు మస్తాను. వక్కపొడి నములుతూ, పైబొత్తాం ఊడదీసుకుని, టోపీ చేతిలో ఊపుకుంటూ వచ్చే మనిషి. హవల్దారు అతన్ని గేటు అవతలే ఆపేవాడు. నోట్లోది ఊసి రమ్మనేవాడు. బొత్తాం పెట్టించేవాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నడిచివచ్చి, గేటు గీత దగ్గర కాళ్లు దగ్గరికి చేర్చి నిలబడాలి. హవల్దారు "గేటు నీది" అనాలి. మస్తాను "గేటు నాది" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా హవల్దారు కాలు కదిపేవాడు కాదు. అవతల లారీలు హారన్లు మోగించేవి.

"ఏమప్పా హవల్దారూ, ఇది ఢిల్లీ అనుకుంటివా? లోడుతో నిలబడుకోనుండా!" అని డ్రైవర్లు అరిచేవాళ్లు.

"యాడైనా గేటు గేటే," అనేవాడు తల తిప్పకుండా.

మస్తాను నా గదిలోకి వచ్చి ఏడ్చేవాడు. "నా నిఖాలో గూడా మూడుసార్లే అన్నా కబూల్ అని. ఈయప్పకు దినామూ అనల్లంటే యాడ సచ్చేది పాపా?"

మేనేజరు ఒకసారి పిలిచి, ఈ వేషాలు కట్టిపెట్టమన్నాడు. అప్పటినుంచి మేనేజరు కారు లోపలుంటే ఇద్దరూ పెదాలు మాత్రం కదిపేవాళ్లు. మానడం మాత్రం మానలేదు. విచిత్రమేమంటే, అన్ని తిట్లు తిట్టిన మస్తాను ఆయన సెలవు పెట్టిన రోజు కూడా వేరే మనిషితో ఆ మాట అనిపించేవాడు.

ఎందుకిదంతా అని నేనూ అడిగాను. ఢిల్లీలో రాష్ట్రపతి భవనం ముందర ఆయన చాలాకాలం కాపలా మార్పిడికి వాయించాడు. కొత్త జట్టు పైపుల వెనక నడిచి వస్తుంది, పాత జట్టు పైపుల వెనక నడిచి పోతుంది. చూడటానికి వచ్చినవాళ్లంతా పక్కన నిలిచే అంగరక్షకుల గుర్రాలకేసి చూస్తారని ఆయనకు కొంచెం కినుక. "వచ్చేటోడు నాది అని తీసుకోవల్ల. అప్పుడే పొయ్యేటోడు కదలల్ల. నడమ సందు ఉండగూడదు. బ్యాగ్‌పైపు గూడా అంతేనమ్మా. పిల్లనగ్రోవి ఊదేటోడు గాలి పీల్చుకుంటే పాట ఆగుతాది. ఇది ఆగదు. నేను ఊపిరి తీసుకునేంతసేపూ చంకలో ఉండే గాలి వాయిస్తాంటాది." అంటూ ఖాళీ చంకను మోచేత్తో నొక్కి చూపించాడు.

ఆయన భార్య రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది. మనిషి పొడవు, గొంతు అంతకన్నా పొడవు. చర్చిలో ఆమె పాడితే మైకు అక్కర్లేదని ఊళ్లో అనేవాళ్లు. ఎండన పడి వచ్చి నా గదిలో ఫ్యాను కింద కూర్చుని, నన్నూ డ్రైవర్లనూ కలిపి మందలించేది. మొగుడి మీద చాడీలు చెప్పడం ఆమెకు మహా ఇష్టం. ఆయన ఎదుట ఉంటే ఇంకా ఇష్టం.

"ఈయప్ప ఎవరెవరికి వాయించలే పాపా! మంత్రులొస్తే వాయించినాడు, ముక్కూమొగం తెలీని ఆఫీసరు సస్తే వాయించినాడు. సెలవుకొచ్చినప్పుడు ఇంట్లో ఒకసారి ఊదినాడు. వీధంతా గుంపు. మేకపిల్లను చంకలో పెట్టుకోని గిల్లుతాండాడని నవ్విరి. నాకు తల కొట్టేసినట్లాయ. ఇంట్లో తీయొద్దప్పా అని ఒట్టు పెట్టించుకున్యా."

"మరి మీరెప్పుడు వినేది?" అన్నాను.

"నేను పోయినప్పుడు. పెట్టె ముందర నడుస్తా వాయించల్ల, ఆఫీసర్లకు వాయించినట్ల. అప్పుడు ఎవురు నవ్వుతారో చూస్తా."

"వాయిస్తాలే," అన్నాడు హవల్దారు అన్నం కలుపుకుంటూ.

"లే అని కాదు, మాటియ్యి."

ఆయన ఎడమచెయ్యి చాచి ఆమె చేతిలో వేశాడు. కుడిచేతికి అన్నం ఉంది. మేమంతా నవ్వాం. చావు గురించి అంత సులువుగా నవ్వుకోగలిగిన మధ్యాహ్నం అది.

ఒట్టు వేశాడు గనుక ఇంట్లో వాయించేవాడు కాదు. సెలవు రోజున పెట్టె సైకిలుకు కట్టుకుని, పాడుబడ్డ నాపరాళ్ల గని దగ్గరికి పోయి వాయించుకునేవాడు. ఒకసారి బస్సు చెడిపోయి ఆ దారిన నడిచివస్తూ విన్నాను. నెమ్మదైన పాట. గని గోడలకు తగిలి తిరిగి వస్తోంది. ఏం పాటో తెలియదు, ఏడుపు మాత్రం వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చేశాను, పలకరించలేదు.

మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో ఆ పని జరిగింది. మా వైపు ఎండకు పెట్టని వస్తువుండదు. బొంతలు, చింతపండు, విత్తనాలు, దిండ్లు, ముసలివాళ్ల మోకాళ్లు, అన్నిటికీ ఎండే మందు. హవల్దారు పనిలో ఉండగా ఆమె ఇల్లు దులుపుతూ పెట్టె తెరిచింది. చెమ్మ వాసన వచ్చిందట. పాపం, పనిగట్టుకుని ఒక్కొక్క గొట్టం ఊడదీసి, తిత్తి కూడా విప్పి, చెనిక్కాయల నూనె రాసి నిగనిగలాడేట్టు తుడిచి, మిద్దె మీద మిరపకాయల పక్కన పాతపంచె పరిచి ఆరబెట్టింది. నాపరాయి మిద్దె. మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం. సాయంత్రం ఆయన ఇంటికి పోయేసరికి అన్నీ పెట్టెలో సర్ది, మూత తెరిచి చూపించింది.

మర్నాడు ఆ పెట్టె గేటుకు తెచ్చాడు. లారీలు లేని వేళ చూసి నా గదిలో బల్ల మీద పెట్టి తెరిచాడు. భుజం మీద నిలిచే మూడు గొట్టాలూ నిలువునా చీలాయి. చీలికలో నా గోరు దూరింది. తిత్తి తోలు అప్పడంలా గట్టిపడి, మడతల దగ్గర పగిలింది. వేళ్లాడించే గొట్టం మీద కూడా సన్నటి గీత. ఆయన ముక్కలు ఒకటొకటే తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టాడు.

"ఆమెతో ఏమన్నారు?" అని అడిగాను.

"శానా బాగ చేసినావన్యా."

"అదేంది సార్!"

"ఇంకేం చెప్పల్ల పాపా? నీకోసరం పెట్టుకున్నేదాన్ని నువ్వే ఎండబెట్టి సంపినావని చెప్పల్లా? చీలికలు దాని కంటికి ఆనలే. ఎంత మురిసిపోయిందో నువ్వు చూడలే."

అక్కడినుంచి మొదలయ్యాయి ఆయన పాట్లు. మైనం కరిగించి చీలికల్లో పోశాడు. బిగువు కోసమని ఆమెకు చెప్పి దారం చుట్టాడు. సైకిలు షాపు వాడి దగ్గర ట్యూబుకు పూసే జిగురు తెచ్చి తిత్తికి అంటించాడు. గనికి తీసుకుపోయి ఊదితే గాలంతా బుస్సుమని పోయేది. కొత్తది తెప్పించుకోండి సార్ అన్నాను. ఆమెకు కొత్తదీ పాతదీ తేడా తెలియకుండా పోదన్నాడు. పెట్టె తుడిచేది ఆమే, గొట్టాలకు కట్టిన పట్టుతాడు ఉతికి ఆరేసేది ఆమే. పాతదేమైందని అడగదా? ఒకసారి కర్నూలుకు బస్సెక్కి పోలీసు బ్యాండు వాళ్లను కలిసి వచ్చాడు. ఆమెను సాగనంపే రోజు వస్తే ఒక్క గంటసేపు బ్యాగ్‌పైపు ఇవ్వండయ్యా అని అడిగాడట. వాళ్లు మర్యాద చేసి, టీ ఇచ్చి, ఒకటి చేతికిచ్చి వాయించమన్నారు. కానీ ఆర్డరు లేకుండా వాద్యం మైదానం దాటదన్నారు. ఆ మాట ఆయనకు తప్పుగా కూడా తోచలేదు. వాళ్ల జాగాలో తానున్నా అదే అంటానన్నాడు. సాధన చేసుకునే చిన్న గొట్టం ఒకటుంది కదా, దాంతో కానివ్వండి అంటే, అది నేర్చుకునేవాళ్లదమ్మా, దాంతో మనుషుల్ని సాగనంపరు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత పట్టుదల మనిషితో వేగిన ఆ ఇల్లాలు ఎంత ఓర్పు గలదో అనుకున్నాను.

ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. కడప ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూడటానికి వెళ్లాను. బనగానపల్లెలో ఇచ్చిన కూతురు వచ్చి దగ్గరుండి చూసుకుంటోంది. ఒక్కతే బిడ్డ. మంచంలో ఆ పొడుగు మనిషి చిక్కి సగమైంది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. "నన్ను ఊరికే తీసకపోరు. మా ఆయప్ప వాయిస్తాడు. పెట్టె ముందర నడుస్తాడు, ఆఫీసర్లకు చేసినట్ల." కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. హవల్దారు గుమ్మంలో నిలబడి నావైపు చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేను. దేవుడా, ఈ ఒక్కటి ఎట్లా దాటిస్తావని ప్రాణం కొట్టుకుంది నాకు.

ఆమె పోయిన రోజు ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె బాగానే మాట్లాడుతోంది, పనికి పొమ్మని తనే పంపిందట. మిట్టమధ్యాహ్నం ఫోను వచ్చింది. "అమ్మకు మాట పడిపాయ నాయనా, బిరిన రా," అని కూతురు. మస్తాను రావడానికి ఇంకా చాలా సేపుంది. హవల్దారు ఫోను జేబులో పెట్టుకుని గేటు దగ్గర అట్లాగే నిలబడ్డాడు. నేను పరుగెత్తి వెళ్లి, పోండి సార్ అన్నాను. కదల్లేదు. డ్రైవర్లు కిందికి దిగివచ్చి, పొప్పా, మేం చూసుకుంటాం అన్నారు. కదల్లేదు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, కాళ్లు మాత్రం గీత మీదే ఉన్నాయి. మొండితనం కాదది. ఆ కాళ్లకు వేరే పద్ధతి తెలియదు. అప్పటికి నాకు తట్టింది. గీత అవతలికి పోయి, చెప్పులు దగ్గరికి చేర్చి, ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"గేటు నీది," అన్నాడు.

"గేటు నాది," అన్నాను.

అప్పుడు కదిలాడు. ఒక డ్రైవరు బండి మీద ఎక్కించుకుపోయాడు. మస్తాను వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. కాటా దగ్గర లారీలు ఆగిపోయి మేనేజరు కేకలు వేశాడు, వేయనీ అనుకున్నాను.

మర్నాడు సమాధి. చర్చి ముందర ఊరంతా చేరింది. ఆమె చెప్పి పెట్టింది కదా, వేరే కులాలవాళ్లు, నవ్వినవాళ్లు కూడా వచ్చారు. హవల్దారు పట్టాళం కోటు వేసుకుని, గళ్ల శాలువా భుజాన పిన్ను పెట్టుకుని వచ్చాడు. కోటు బొత్తాలు పట్టలేదు. చంకలో తిత్తి, భుజం మీద దారాలు చుట్టిన మూడు గొట్టాలు. పాస్టరు ప్రార్థన ముగించాడు. పెట్టె ఎత్తారు. హవల్దారు ముందుకొచ్చి ఊదాడు. ఒక మూలుగు, అంతే. ఆ తర్వాత గాలి బుస్సుమంది. మళ్లీ ఊదాడు. ఈసారి మూలుగు కూడా రాలేదు.

ఆయన ఆగలేదు. అడుగు తీసి అడుగు వేస్తూ, ఒక్కో అడుగు దగ్గరా కాస్త నిలిచి, పట్టాళంలో చావుకు నడిచే ఆ నెమ్మది నడక మొదలుపెట్టాడు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, మోచెయ్యి నొక్కుతోంది, వేళ్లు గొట్టం మీద ఆడుతున్నాయి. శబ్దం లేదు. రాళ్ల దారిలో చెప్పుల చప్పుడు, తిత్తిలోంచి పోతున్న గాలి, అంతే. నాకు మాత్రం ఆ వేళ్లు తెలుసు. టీ గ్లాసు మీద, లాఠీ మీద రోజూ చూసిన పాటే. ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ దిగుతుందో చూస్తూ వెంట నడిచాను.

"వాయించు నాయనా!" అని కూతురు వెనకనుంచి ఏడ్చింది. "అమ్మ అడిగింది గద నాయనా!"

ఆయన తిరిగి చూడలేదు. పోయినామె మేనత్త అందరికీ వినపడేట్టు, "అది బతికినన్నాళ్లూ దేశం దేశమని పాయ. సచ్చినాక గూడా పెండ్లానికి ఊదేకి ఊపిరి రాకపాయ," అంది. వెనక ఎవడో కుర్రాడు కిసుక్కుమన్నాడు. నాకు ఆగలేదు. ఆ కూతురి భుజం పట్టుకుని ఉన్న సంగతి చెప్పేద్దామని రెండడుగులు వేశాను. సమాధుల తోట గేటు దగ్గర హవల్దారు పక్కకు తిరిగి నన్ను చూశాడు. మస్తాను బొత్తాం పెట్టుకోకుండా వస్తే చూసే చూపది. ఆగిపోయాను.

ఆ సాయంత్రమే కూతురు బనగానపల్లె వెళ్లిపోయింది. తండ్రితో మాట్లాడలేదు. తర్వాత కూడా రాలేదు. బేనీషా మామిడిపండ్ల కాలంలో ఏటా బుట్టతో వచ్చే మనిషి, ఆ ఏడు బుట్ట కూడా పంపలేదు.

పనిలోకి వచ్చిన రోజున ఆయనతో నేను గట్టిగానే పోట్లాడాను. ఊరు ఏమనుకుంటే మనకేంది, బిడ్డకన్నా చెప్పండి అన్నాను.

"చెప్తే వాళ్లమ్మ మీద పడతాది పాపా. తల్లిని తలుచుకున్నప్పుడల్లా దానికి ఆ మిద్దే కనపడతాది. ఇప్పుడు నామీద కోపం ఉండాది. ఉండనీ, నేను మోస్తా." లాఠీ మీద వేళ్లాడించాడు. "నీకొక్కదానికే తెలుసు. నేనుండేదాకా నేను చూసుకుంటా."

తర్వాత సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇది మంచితనమో మొండితనమో నాకిప్పటికీ తేలలేదు. కోపం మాత్రం వచ్చింది, చాలా రోజులు ఉంది.

మా ఆయనకు కర్నూలు బదిలీ అయి నేను వచ్చేశాను. పోయినేడు మస్తాను ఫోను చేశాడు. "హవల్దారు పాయ పాపా," అని, ఫోను తన కూతురి చేతికిచ్చాడు. నేను పోయేసరికి సమాధి అయిపోయింది. ఎవరూ వాయించలేదు. వాయించేవాళ్లు ఎవరున్నారు? మస్తాను గేటుకు పోవాలని లేచి, పైబొత్తాం పెట్టుకుని వెళ్లిపోయాడు.

హవల్దారు ఇంట్లో ఆయన కూతురు ఒక్కతే ఉంది. సర్దుతోంది. నన్ను చూసి ఏడ్చింది, కుర్చీ వేసింది. తర్వాత మంచం కిందినుంచి పెట్టె లాగి మూత తీసింది. చెనిక్కాయల నూనె ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ఒక గొట్టం చేతిలోకి తీసుకుని, చుట్టిన దారం విప్పుతూ తిప్పి చూసింది. అవే పొడుగు చేతులు, తల్లివి. చీలికలో ఏదో ఇరుక్కుని ఉంటే గోటితో గీకి తీసి, అరచేతిలో పెట్టుకుంది. మిరప విత్తనం.

"చూడక్కా," అంది. "యాడ పడేసినాడో చూడు. మిరపకాయల్లో! దేశమంతా భుజాన మోసినాడు దీన్ని. మా అమ్మ అడిగింది ఒక్క పాట. దానికోసరమన్నా జాగ్రత్తగా పెట్టుకోలేకపాయనే. మా అమ్మంటే ఇంత అలక్ష్యమా అక్కా ఆయనకు?"

నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆ బిడ్డకు తండ్రి దొరుకుతాడు. తల్లి మాత్రం మిద్దె మీద నూనె చేతులతో నిలబడిపోతుంది. ఎండ మండుతున్న ఆ నాపరాయి నా కళ్లముందు కనపడింది.

"నీ దగ్గర అన్నీ చెప్పుకునేటోడు గద. దీన్ని గురించి ఏమన్నా చెప్పినాడా?"

నేను కుర్చీలో కూర్చుని లేను. ఎప్పుడు లేచానో తెలియదు, కాళ్లు రెండూ దగ్గరికి చేర్చుకుని నిలబడి ఉన్నాను.

"లేదమ్మా," అన్నాను. "నాకేం చెప్పలేదు."